చేపల గుడిసె చట్టం

ఒడెట్ గానియన్ స్కూలు బస్సు నడుపుతుంది. సభ జరిగే రోజుల్లో మాత్రం బస్సు తాళాలు మరో డ్రైవరుకిచ్చి, రాజధానికి వెళ్లి చట్టాలు చేసి వస్తుంది. అమెరికాలో, కెనడా సరిహద్దు దాపునున్న ఆ చిన్న రాష్ట్రంలో శాసనసభ్యులు నాలుగు వందల మంది. వాళ్లలో మంగలి ఉంటాడు, పాడిరైతు ఉంటాడు, రిటైరైన టీచరూ ఉంటుంది. జీతం పేరుకే. అప్పటిదాకా సభ్యుడిగా ఉన్నాయన విసిగి మానుకుంటే, "నువ్వెలాగూ ఊరందర్నీ గదమాయిస్తూనే ఉంటావు, అదేదో అక్కడ చెయ్యి" అని ఇరుగుపొరుగు వాళ్లు ఒడెట్‌ను నిలబెట్టి గెలిపించారు.

ఆమె సభలో అడుగుపెట్టిన మొదటి చలికాలంలోనే రేమండ్ పోయాడు. రేమండ్ ఆమె స్నేహితురాలు లూసీ భర్త. సరస్సు గడ్డకట్టగానే దాని మీద చిన్న చెక్క గుడిసె నిలబెట్టి, మంచుకు కన్నం పొడిచి, పక్కన పొయ్యి రాజేసుకుని గాలం వేసుకు కూర్చోవడం అక్కడివాళ్లకు ప్రాణం. ఆ రోజు పొయ్యి గొట్టం మంచుతో పూడుకుపోయింది. వాసనైనా లేని విషవాయువు లోపలే నిండింది. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడు.

అంత్యక్రియలు అయ్యీ అవగానే ఒడెట్ బిల్లు పెట్టింది. పొయ్యి ఉన్న ప్రతి గుడిసెలో విషవాయువును పసిగట్టే అలారం ఉండాలి. ఉందో లేదో, వేటనూ చేపలు పట్టడాన్నీ కనిపెట్టుకుని ఉండే సర్కారు అధికారి వార్డెను ఎప్పుడైనా తలుపు తీయించి చూడొచ్చు, తీయనంటే జరిమానా. దిగువ సభ ఒప్పుకుంది, సెనేటూ ఒప్పుకుంది. గవర్నరు సేల్స్ మాత్రం సంతకం పెట్టకుండా తిప్పి పంపాడు. ఒడెట్ సరాసరి ఆయన గదికే వెళ్లింది.

"అలారం సంగతి బాగానే ఉందమ్మా. కానీ వార్డెను ఎవరి గుడిసెలోకి పడితే వాళ్ల గుడిసెలోకి దూరతానంటే ఎలా?" అన్నాడాయన.

"రేమండ్ గుడిసెలోకి ఎవరైనా దూరి ఉంటే బతికేవాడు, గవర్నరుగారూ."

"కావచ్చు. నేను మాత్రం ఒప్పుకోను."

"సరే, మీరు కాదన్నా చట్టం చేస్తాం."

ఆయన నవ్వేశాడు. "చేసుకోండి. అందుకూ దారి ఉందిగా. రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లున్నాయా మరి?"

లేవు. వేసవంతా వాటి కోసమే తిరిగింది ఒడెట్. ఒక సభ్యుడి పశువుల కొట్టంలో ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే, చొక్కా చేతులు పైకి మడిచి దూడను బయటికి లాగి, ఆ తడి చేతులతోనే ఆయన చేయి పట్టుకుని ఓటు మాట తీసుకుంది. ఆకులు రాలే వేళకు రెండు సభలూ గవర్నరు మాటను తోసిపుచ్చాయి. బిల్లు చట్టమైంది. లూసీ, ఒడెట్ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

సరస్సు మళ్లీ గడ్డకట్టింది. వార్డెను రాసిన మొదటి జరిమానా ఎవరికి? ఒడెట్ సొంత తమ్ముడు ఆర్మాండ్‌కి! తలుపు తీయనన్నాడట.

"పరువు తీశావు కదరా!" అని విరుచుకుపడింది ఒడెట్.

"నా తలుపు నా ఇష్టం అక్కా. కోర్టుకెళ్తున్నా."

"అక్క చేసిన చట్టం మీద కోర్టుకెళ్తావా?"

"అక్క చేసిందని వంకర తిన్నగా అవుతుందా?"

కోర్టులో ఒడెట్ వెనక వరసలో కూర్చుంది. ఈ చట్టం వద్దన్నది గవర్నరు. ఇప్పుడు దాన్ని సమర్థిస్తూ చెమటలు కక్కుతున్నదేమో సర్కారు లాయరు. ఎవరు వద్దన్నా, చట్టమయ్యాక అమలు చేయాల్సింది సర్కారే మరి.

"ఆయన అందులో తింటాడు, పడుకుంటాడు, లోపల గడియ వేసుకుంటాడు. అది ఇల్లు కాదని ఎలా అంటారు?" అని అడిగింది జడ్జి.

అలారం నిబంధన నిలుస్తుందని తీర్పు వచ్చింది. కోర్టు అనుమతి గానీ ఇంటాయన ఒప్పుదల గానీ లేకుండా తలుపు తీయించడం రాజ్యాంగానికి విరుద్ధం. ఆ ముక్క చెల్లదు, జరిమానా రద్దు.

బయట కారు పక్కన ఒడెట్ కోపంతో అటూ ఇటూ తిరుగుతోంది. ఆర్మాండ్ కాఫీ తెచ్చి చేతికిచ్చాడు.

"అంతమంది ఒప్పుకున్నదాన్ని ఒక్క మనిషి కొట్టేయడం ఏమిట్రా?"

"నువ్వు మంచిదానివే అక్కా. రేపు నీ కుర్చీలోకి ఇంకోడెవడో వస్తాడు. వాడూ నా తలుపు తీయమంటే?"

ఒడెట్ కాఫీ సగం తాగాక అడిగింది, "అలారం పెట్టావా?"

"గుడిసె సరస్సు మీద నిలబెట్టిన రోజే పెట్టా. చేపలు వేయించినా మోగి చస్తోంది!"

"ఆ ముక్క వార్డెనుతో చెప్పి ఏడవొచ్చుగా!"

"అడిగితేగా చెప్పడానికి. తలుపు తియ్యి అన్నాడు."

ఆమెకు నవ్వాగలేదు. కాఫీ ఒలికి కోటు తడిసింది.

ఆ వసంతంలోనే ఒడెట్ చట్టానికి సవరణ పెట్టింది. వార్డెను తలుపు తట్టి అడగాలి, రానిస్తేనే లోపలికి వెళ్లాలి. గుడిసె పొయ్యి అమ్మే ప్రతి దుకాణమూ దాంతోపాటే అలారం అమ్మాలి. బహిరంగ విచారణకు ఆర్మాండ్ కొత్త చొక్కా వేసుకుని వచ్చి, "మా అక్క మొండిది, కానీ ఈసారి సరిగ్గా రాసింది" అని సాక్ష్యం చెబితే గదంతా గొల్లుమంది. బిల్లు రెండు సభలూ దాటింది. గవర్నరు మారుమాట లేకుండా సంతకం పెట్టాడు.

నవంబరు ఎన్నికల్లో ఒడెట్ మళ్లీ గెలిచింది. ఆర్మాండ్ ఓటు ఎవరికి వేశాడో ఎంత గదమాయించినా చెప్పలేదు.