పిట్టలదిబ్బకు నాలుగో తేదీ

నాగవేణి పొద్దున్నే లేచి ముందు ఫోనులో గాలి ఎటుందో చూస్తుంది, తర్వాత గుమ్మంలోంచి ఆకాశం చూస్తుంది, ఆ తర్వాతే మొగుడి ముఖం చూస్తుందని హనుమయ్య పదిమందిలో చెప్పి నవ్వుతుండేవాడు. రేపల్లెకు దిగువన, కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గర వాళ్ళ ఊరు. తాతల నాటి నుంచి చేపల వేట మీద బతికిన ఇల్లు. ఎనిమిదేళ్ళ కిందట భుజం పట్టేసి హనుమయ్య వలలు లాగలేకపోయాక, ఇంజన్ పడవకు కూర్చునే బల్లలు వేయించి, జనాన్ని ఏటికీ సముద్రానికీ మధ్యనున్న పిట్టలదిబ్బకు తీసుకెళ్ళి పొద్దుగూకేలోగా తీసుకొచ్చే పనిలో దిగారు. పడవ నడిపేది అతను. ఏ రోజు నడపాలో చెప్పేది ఆమె.

ఆ చెప్పడంలోనే ఉంది కష్టమంతా. చలికాలంలో ఎక్కడెక్కడి పక్షులో వేలకొద్దీ వచ్చి ఆ ఇసుకదిబ్బ మీద వాలతాయి. చూడాలంటే అప్పుడే చూడాలి. కానీ తుపానులూ వాయుగుండాలూ వచ్చేదీ ఆ రోజుల్లోనే. ఫిబ్రవరి దాటాక సముద్రం మెత్తబడుతుంది. తీరా అప్పటికి వలస పక్షులు తిరుగుముఖం పడతాయి, ఇక్కడి తెల్లపిట్టలు గుడ్లకు దిగుతాయి. వాటికి గూడంటూ ఉండదు. ఇసుకలో చిన్న గుంట, అందులో ఇసుక రంగే ఉన్న రెండు గుడ్లు. గుడ్డు కంటబడిందంటే పిల్లలు ఎగిరేదాకా దిబ్బ మీద ఎవరినీ కాలు పెట్టనివ్వకూడదని నాగవేణి తనకు తానే ఒక కట్టుబాటు పెట్టుకుంది.

నిరుడు డిసెంబరులో తెనాలి నుంచి వేంకటసుబ్రహ్మణ్యం గారు ఫోన్ చేశారు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయిన మనిషి. భార్య మాణిక్యాంబ గారు ముప్పయ్యేళ్ళు బడిలో సైన్సు టీచరు. వలస పక్షుల పాఠం వందసార్లు చెప్పిందట, వాటిని ఒక్కసారీ చూడలేదట. ఇప్పుడు ఆవిడ కళ్ళల్లో నీటి ఒత్తిడి పెరిగి చూపు అంచుల నుంచి తరిగిపోతోంది.

"చూపు ఇంకెంతో కాలం ఉండదన్నాడమ్మా డాక్టరు. ఆ పక్షులన్నీ ఒక్కసారి లేస్తాయంటారే, అది చూడాలంటుంది," అన్నారాయన.

మొదట ఇచ్చిన తేదీ నాటికి వాయుగుండం పట్టింది. రెండోది జనవరిలో, పొగమంచుకు చెయ్యి చాపితే చెయ్యి కనబడలేదు. మూడోసారి అలల హెచ్చరిక. ప్రతిసారీ నాగవేణే ఫోన్ చేసి వద్దని చెప్పింది. ప్రతిసారీ మాణిక్యాంబ గారు, "ఫరవాలేదమ్మాయ్, సముద్రం మన చేతిలో ఉందా?" అనేవారు. ఆవిడ ఒక్కసారి విసుక్కుని ఉంటే నాగవేణికి ఇంత బరువు అనిపించేది కాదేమో.

నాలుగోది మార్చిలో ఒక ఆదివారం. రెండు రోజుల ముందు దిబ్బ చూసి రావడానికి వెళ్ళిన నాగవేణి పడవ దిగకుండానే ఆగిపోయింది. ఏటి వైపు, పడవ ఆగే చోటంతా గుడ్లే. వలస పక్షులు మాత్రం అవతలి కొసన, సముద్రం వైపు, ఇంకా కొన్ని వందలు మిగిలి ఉన్నాయి.

"మానేద్దామా?" అంది మొగుడితో.

"నాలుగోసారి కూడానా? ఏ ముఖం పెట్టుకుని చెప్తావే? సముద్రం వైపు నుంచి దించుదాం. ఏడింటికి పోటు నిండుగా ఉంటది. గాలి లేవకముందే వెళ్ళి వచ్చేద్దాం."

కట్టుబాటు తప్పడమే గానీ, అటు గుడ్లు లేవు కాబట్టి కుదిరే పనే. ఏడింటికి బయలుదేరితే. శనివారమే వచ్చి ఊళ్ళో పడుకోమని నాగవేణి చెప్పింది. కానీ వేంకటసుబ్రహ్మణ్యం గారు, రాత్రిపూట ఆవిడకు కొత్త చోట ఇబ్బందని తెల్లవారి రైలెక్కారు. రైలు దారిలో ఆగిపోయింది. రేపల్లెలో దిగి, ఆటోలో రేవు చేరేసరికి తొమ్మిది కావస్తోంది. దక్షిణం గాలి లేచింది. పోటు తగ్గుముఖం పట్టింది.

"ఇవాళ కాదండీ," అంది నాగవేణి.

వేంకటసుబ్రహ్మణ్యం గారి మొహం ఎర్రబడింది. "ఎండ కాస్తోంది, ఏరు అద్దంలా ఉంది! ఇంకేం కావాలమ్మా నీకు? మళ్ళీ తేదీ ఇస్తావా? అప్పటికి దీనికి పగలేదో రాత్రేదో తెలియాలిగా!"

"ఊరుకోండీ," అన్నారు మాణిక్యాంబ గారు. అని, ఏటికి ఎదురుగా ముఖం పెట్టి, ఏం చూస్తున్నట్టో అలా నిలబడిపోయారు. ఆయన కేకలకు తట్టుకున్న నాగవేణి, ఆవిడ నిలబడ్డ తీరుకు తట్టుకోలేకపోయింది.

"లైఫ్ జాకెట్లు తియ్యి మావా," అంది.

మొగ దాటేదాకా బాగానే ఉంది. దిబ్బ చుట్టి సముద్రం వైపు తిరగగానే అలలు పక్కనుంచి కొట్టడం మొదలుపెట్టాయి. ఒకటి పడవను ఎత్తి పక్కకు విసిరింది. మాణిక్యాంబ గారు బల్ల మీంచి జారి మోకాళ్ళ మీద పడ్డారు. వెనకే ఇంకొకటి వచ్చి నీళ్ళు లోపల కుమ్మరించింది. హనుమయ్య ఇంకేమీ ఆలోచించలేదు. పడవ తిప్పి, మళ్ళీ ఏటిలోకి తెచ్చి, అందిన ఒడ్డుకు ఎక్కించాడు. అది గుడ్లున్న ఒడ్డు.

నీళ్ళు తోడాలంటే మనుషులు దిగక తప్పదు. దిగారు. దిగీ దిగగానే తెల్లపిట్టలన్నీ ఒక్క అరుపుతో పైకి లేచాయి. మాణిక్యాంబ గారు తల పైకెత్తారు. తడిసిన చీర, చెదిరిన జుట్టు, ముఖం మాత్రం చిన్నపిల్ల ముఖంలా వెలిగిపోతోంది.

"ఏవండీ, లేచాయి! నాకు తెలుస్తున్నాయి!" అంటూ రెండడుగులు ముందుకు వేశారు. కాలికింద ఏదో చిట్లింది. ఆవిడ ఆగిపోయారు.

"ఏంటమ్మాయ్ అది? గవ్వా?"

అవునంటే సరిపోయేది. నాగవేణికి ఆ అబద్ధం నోట రాలేదు.

"గుడ్డండీ."

ఆవిడ మరి కాలు కదపలేదు. "నా చుట్టూ ఇంకా ఉన్నాయా?" అని మాత్రం అడిగారు. ఉన్నాయి. హనుమయ్య అడుగుజాడల్లోనూ ఉన్నాయి, వేంకటసుబ్రహ్మణ్యం గారి చెప్పుల కిందా ఉన్నాయి. నాగవేణి ఆవిడ పాదాలను ఒక్కొక్కటే చేత్తో పట్టుకుని ఎత్తి, చోటు చూసి పెడుతూ పడవ దాకా తీసుకొచ్చింది.

నీళ్ళు తోడేసరికి పాటుకు ఏరు వెనక్కి లాగేసింది. పడవ ఇసుకలో కూరుకుపోయింది. మళ్ళీ పోటు వచ్చేదాకా, అంటే సాయంత్రం నాలుగింటిదాకా, కదిలే దారి లేదు, ఇంకో పడవ దగ్గరికి వచ్చేటంత నీరూ లేదు. ఎండ చుర్రుమంటోంది. పైన పిట్టలు అరుస్తూ తిరుగుతూనే ఉన్నాయి గానీ దిగడం లేదు. తల్లి నీడ లేకపోతే ఆ ఇసుక వేడికి గుడ్డులో ప్రాణం ఉడికిపోతుంది. ఆ సంగతి నాగవేణి ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది, పాఠాలు చెప్పిన మనిషికి అది తెలుసు.

హనుమయ్య గెడలు పాతి టార్పాలిన్ కట్టబోయాడు. గాలికి అది టపటపా కొట్టుకోగానే, దిగబోతున్న పిట్టలు మళ్ళీ చెదిరిపోయాయి.

"తీసెయ్ నాయనా," అన్నారు మాణిక్యాంబ గారు.

"అమ్మగారూ, మీరు తట్టుకోలేరండీ," అంది నాగవేణి.

"తీసెయ్యమను."

నాగవేణి భర్త వైపు చూసింది. తీసెయ్యమంది. ఆ ఒక్కమాట ఆ తర్వాత ఎన్నో నెలలు ఆమెను నిద్రపోనివ్వలేదు.

నలుగురూ పడవ అడుగున తలలు వంచుకుని కూర్చున్నారు. తడిపిన తుండుగుడ్డ ఆవిడ నెత్తిన వేసి, ఉన్న రెండు సీసాల నీళ్ళూ ఆవిడకే పట్టారు. అరగంటకు ఒకటీ అరా, తర్వాత గుంపుగా, పిట్టలు దిగి గుడ్ల మీద కూర్చున్నాయి. నాలుగున్నరకు పడవ తేలింది. అప్పటికి మాణిక్యాంబ గారికి ఒళ్ళు కాలిపోతోంది, మాట తడబడుతోంది. రేపల్లె ఆసుపత్రిలో మూడు రోజులుండి ఇంటికి వెళ్ళారు. ఆ మూడు రోజులూ వేంకటసుబ్రహ్మణ్యం గారు నాగవేణితో మాట్లాడలేదు. తిట్టినా బాగుండునని ఆమె వరండాలోనే కూర్చుంది.

వారం తర్వాత తెడ్డుపడవ వేసుకుని ఒంటరిగా దిబ్బకు వెళ్ళి, దిగకుండానే లెక్క చూసుకుంది. చితికినవి పదకొండు. ఎండకు పోయినవి ఎన్నో తెలిసే దారి లేదు. ఇంటికొచ్చి, ఏటా ఫిబ్రవరి పదిహేను నుంచి వానాకాలం పోయేదాకా ఇక పడవ కదలదని హనుమయ్యతో చెప్పింది.

"మనం మానేస్తే ఆ రెండో పడవ బాబీ తీసుకెళ్తాడు. వాడికి గుడ్డని తెలీదు, రాయని తెలీదు," అన్నాడతను.

అదీ నిజమే. వారం తిరక్కుండానే బాబీ పడవ జనంతో దిబ్బకు పోవడం ఆమె రేవులోంచి చూసింది. గుడ్లున్నాయని వెళ్ళి చెప్పింది. "నువ్వు తొక్కించినప్పుడు లేవా అక్కా?" అన్నాడు బాబీ.

జూన్‌లో తెనాలి వెళ్ళింది. తలుపు తీసిన వేంకటసుబ్రహ్మణ్యం గారు పక్కకు జరిగి, "రామ్మా," అన్నారు. మాణిక్యాంబ గారు గొంతు బట్టి గుర్తుపట్టారు. చెయ్యి చాపి నాగవేణి చెయ్యి అందుకున్నారు.

"ఎన్ని పోయాయమ్మాయ్?"

"పదకొండండీ. నాకు తెలిసినవి."

ఆవిడ మెల్లగా, "రేవులో నేను అలా మొండికేసి నిలబడి ఉండకూడదు," అన్నారు.

"మీరేం అడగలేదండీ. నేనే వద్దనలేకపోయాను."

కాఫీ చల్లారిపోయింది. వెళ్ళొస్తానని లేచేటప్పుడు ఆవిడ అడగనే అడిగారు: "చలికాలంలో ఒకసారి తీసుకెళ్తావా? చూడలేనులే. వింటాను."

సరేనని నాలుక చివరిదాకా వచ్చింది. నాగవేణి చెప్పులేసుకుంటూ, "తేదీ ఇవ్వలేనండీ," అంది.