పచ్చి అంజూరం, వాచిన మూతి

ఒక పచ్చి అంజూరపు కాయ వల్ల దేవుడి పెళ్లి ఆగిపోబోయిందంటే మీరు నమ్మరు. నమ్మకపోతే గజపతినగరం వచ్చి మా వీధిలో ఎవర్నైనా అడగండి. నా పేరు కూడా చెప్పక్కర్లేదు. "మూతి వాచినాయన ఇల్లా? అదిగో, ఆ నీలం గేటు" అని చూపిస్తారు.

మాది సన్నాయి కుటుంబం. మావ, అంటే మా అమ్మ తమ్ముడూ నాకు పిల్లనిచ్చిన మావగారూ ఒకరే, నేను పుట్టక ముందు నుంచీ ఊళ్లోని వేణుగోపాలస్వామి గుడిలో మేళం వాయిస్తున్నాడు. నేను ఆయన పక్కన నిలబడి నేర్చుకుంటున్న అల్లుణ్ణి. ఆ ఏడు స్వామి కల్యాణం ఇంకా కొద్దిరోజులుందనగా గుడి కమిటీ ప్రెసిడెంటు మా ఇంటికొచ్చాడు. అత్త ఇచ్చిన టీ తాగి, కప్పు కింద పెడుతూ మావతో మెల్లిగా అన్నాడు.

"సత్యం, ఏటనుకోకు. ఇప్పుడు ఫోనులో గట్టిమేళం కూడా వస్తన్నాది. స్పీకరు పెడితే నాలుగు వీధులు వినబడతాది. ఇంక మేళం ఎందుకని కుర్రోళ్లు అడుగుతన్నారు."

మావ నా భుజం మీద చెయ్యేసి, "నా ఎనకాల మా అల్లుడున్నాడు బాబూ. ఈసారి గట్టిమేళం ఈడి సేత వాయిస్తాను. ఇన్నాక మీ ఇష్టం" అన్నాడు.

"సరే, సూద్దాం" అని ఆయన వెళ్లిపోయాడు. అంటే మా ఇంటి మేళం ఉండడమా పోవడమా అన్నది నా రెండు పెదాల మీద పడింది. అలాంటప్పుడు బుద్ధున్నవాడెవడైనా పెదాలను ఏం చేస్తాడు? వెన్న రాసుకుని ఇంట్లో కూర్చుంటాడు. నేనేం చేశానో చెప్తాను, వినండి.

మా పెరట్లో బావి పక్కన ఒక అంజూరపు చెట్టుంది. మావ ఒకసారి అనంతపురం వైపు పెళ్లి మేళానికి వెళ్లి, తడి తువ్వాల్లో చుట్టిన కొమ్మ ముక్క ఒకటి తెచ్చాడు. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "పొయ్యిలోకా?" అంది. ఆ కొమ్మే చెట్టయింది. మొదట్లో పిందెలు పడడం, రాలిపోవడం. మావ పేడ ఎరువూ వేపపిండీ వేసి, పొద్దున్నే లేచి దాంతో కబుర్లు కూడా చెప్పేవాడు. ఆ ఏడు మాత్రం కాయలు నిలిచాయి. తొలి పండ్లు స్వామి కల్యాణానికే అని మొక్కుకున్నాడు. పక్షులు పొడవకుండా అత్త దోమతెర తీసుకుపోయి చెట్టుకి కట్టాడు. ఆ వేసవంతా చెట్టు హాయిగా నిద్రపోయింది, అత్త దోమల్ని కొట్టుకుంటూ కూర్చుంది.

కల్యాణం రేపనగా మావ కొత్త పీకలు తేవడానికి విజయనగరం బయల్దేరాడు. పీకంటే సన్నాయి కొసన గుచ్చి, పెదాల మధ్య పెట్టుకుని ఊదే చిన్న రెల్లు ముక్క. కొత్త పీక ఊరికే పలకదు. నానబెట్టి, ఊది ఊది పదును చెయ్యాలి. మా ఇంట్లో ఆ పని నా భార్య గౌరిది. చిన్నప్పుడు నాన్న దగ్గర సన్నాయి నేర్చుకుంది. పెద్దమనిషయ్యాక, "ఆడపిల్ల మేళంలో నిలబడితే నలుగురూ ఏటంటారు" అని ఆయన మాన్పించేశాడు. పీకలు పదును చెయ్యడం ఒక్కటే మిగిలింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే పక్కన నిలబడి ఊదుతుంటుంది.

మావ గేటు దగ్గర ఆగి నాకు అప్పగింతలు పెట్టాడు. "అల్లుడా, సెట్టు సూసుకో. కాయ పండితే తనే తల వంచుతాది. ముట్టుకుంటే మెత్తగుండాల. తొడిమ దగ్గర పాలు కారకూడదు. అందాకా సెయ్యెయ్యొద్దు. ఇంటన్నావా?"

"ఇంటన్నాను మావ" అన్నాను. చేతిలో ఫోనులో ఆఖరి ఓవరు నడుస్తోంది. విన్నది "సెట్టు సూసుకో" వరకే.

ఓవరు అయ్యాక చెట్టు చూసుకోవడానికి వెళ్లాను. కాయలన్నీ ఆకుపచ్చగా, నిటారుగా, గట్టిగా ఉన్నాయి. రేపు స్వామికి ఇవేం పెడతాడు, పాపం మావ? అని జాలేసింది. అప్పుడే నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. నాకు గొప్ప ఆలోచన వచ్చినప్పుడల్లా మా ఇంట్లో వాళ్లు గిన్నెలు సర్దుకోవడం మంచిది. మామిడికాయలు కోసి బియ్యంలో పెడితే పండవూ? ఇవీ అంతేగా! సాయంత్రం మావ వచ్చేసరికి పళ్లెం నిండా పండ్లు!

చొక్కా విప్పి, దోమతెర ఎత్తి, ఎండలో నిలబడి కాయలన్నీ కోసేశాను. తుంచిన ప్రతిచోటా తెల్లటి పాలు. చేతుల మీద కారాయి. మూతి మీది చెమట ఆ చేత్తోనే తుడుచుకున్నాను. ఒకటి రుచి చూద్దామని కొరికాను కూడా. నోట్లో గరగర. థూ అని ఉమ్మేసి, బియ్యంలో పడితే అదే తియ్యబడుతుందిలే అనుకున్నాను.

బియ్యం డబ్బా మూత తీస్తుంటే గౌరి చూసింది.

"ఏటి సేస్తన్నావు బావ?"

"అంజూరాలు పండబెడతన్నాను."

గౌరి చేతిలో గరిటె కింద పడింది. "అయ్యో బావా! ఇవి సెట్టు మీదే పండుతాయి. కోసేస్తే ఇంక పండవు. నాన్న నీకు సెప్పలేదా?"

"సెప్పే ఉంటాడు."

"మరి?"

"ఆఖరి ఓవరు గౌరీ..."

ఆమె నన్ను చూసిన చూపు ఇప్పుడు వర్ణించను. మీ ఇంట్లోనూ అలాంటి చూపు ఒకటి ఉండే ఉంటుంది. పైగా పెదాలు మండడం మొదలైంది. కారం కాదు, వాత పెట్టినట్టు మంట. నీళ్లు కొట్టాను, వెన్న రాశాను. లాభం లేదు. 

"నాన్న ఈ కాయల కోసం ఎన్నాళ్లు సూసాడో తెలుసా? రేపు మేళం దగ్గర ఆయన మనసు బాగోకపోతే ఎలాగ?" అంది గౌరి. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

దాంతో నాకు ఇంకొక గొప్ప ఆలోచన వచ్చింది.

గౌరి జాకెట్లు కుట్టుకునే డబ్బాలోంచి ఆకుపచ్చ దారం తీసి, కాయలన్నీ తిరిగి కొమ్మలకి కట్టేశాం. నేను పట్టుకోవడం, ఆమె ముడేయడం. వీధిలో ఏ బస్సు ఆగినా గుండె ఆగేది. కట్టడం అయ్యాక దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. నిటారుగా ఉండాల్సిన కాయలు ఎండకి వాడి, దారానికి తలకిందులుగా వేలాడుతున్నాయంతే.

సాయంత్రం మావ వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా పెరట్లోకే నడిచాడు. మేం వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాం. మావ దోమతెర ఎత్తాడు. కదల్లేదు. మెడ చాచాడు.

"గౌరీ! అల్లుడా! రండే! అన్నీ తల వంచేసినాయి!"

చెట్టుకి చేతులెత్తి దండం పెట్టాడు. ఆయనకి కంట్లో శుక్లం ఉందని చెప్పడం మర్చిపోయాను. "రేపు స్నానం సేసి నానే కోస్తాను. ఎవులూ ముట్టుకోకండి" అన్నాడు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఆయన్ని చెట్టు దగ్గరే వదిలి లోపలికొచ్చేశాం. 

కాసేపటికి మావ లోపలికొచ్చాడు. ఎందుకో మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. "ఇవాళ సాధన వద్దు. పెదాలకి సెలవు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నేనూ తువ్వాలు చుట్టుకుని, పంటినొప్పి అని చెప్పాను. పెదాలు కలవక అది "హంటి నొహ్హి" అని వచ్చింది. ప, బ, మ అన్న అక్షరాలు నా నోట్లోంచి లేచి వెళ్లిపోయాయి. మావని పిలిస్తే "హావా" అని వస్తోంది.

భోజనాల దగ్గర ఇద్దరం ముసుగు కిందనుంచే మజ్జిగన్నం తాగాం. అత్త మమ్మల్ని మార్చి మార్చి చూసి, "ఏటిది, ఇద్దరూ కొత్త కోడళ్లలాగ ముసుగులేసుకున్నారు?" అంది.

పొద్దున్న అద్దంలో నాకంటే ముందు నా మూతి కనిపించింది. మినప గారెలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టుంది. చేతుల మీద బొబ్బలు. మావ చెట్టు వైపే చూడకుండా "లేటయ్యింది, నడండి" అన్నాడు. అత్త మొక్కు సంగతి అడిగితే గేటు దాటేశాడు. మొక్కు తప్పకూడదని ఆమే బజారు నుంచి ఎండు అంజూరాలు తెప్పించి పళ్లెంలో పెట్టుకుంది. 

గుడి కిక్కిరిసి ఉంది. ప్రెసిడెంటు మండపం పక్కనే స్పీకరు పెట్టుకుని కూర్చున్నాడు. మావ తువ్వాలు తియ్యకుండానే డోలు అప్పన్నకి సైగ చేశాడు, వాయించు అని. అప్పన్న వాయించాడు. వాయిస్తూనే ఉన్నాడు. సన్నాయి ఎప్పుడు అందుకుంటుందా అని నన్ను చూస్తాడు, నేను మావని చూస్తాను, మావ ధ్వజస్తంభాన్ని చూస్తాడు. అప్పన్న చేతులు ఊడి కింద పడేలా ఉన్నాయి.

"ఏటి సత్యం, సన్నాయి ఏదీ?" అని ప్రెసిడెంటు రెండుసార్లు అడిగాడు. మావ ఆకాశం చూపించాడు. దాని అర్థం ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

పూజారి మంగళసూత్రం పైకెత్తాడు. జనమంతా అక్షింతలు పట్టుకుని లేచారు.

"గట్టిమేళం! గట్టిమేళం!"

మావ నా వైపు చెయ్యి చూపించాడు, నువ్వు కానీ అని. నేను దండం పెట్టాను, ముందు మీరు అని. ఆయన కళ్లెర్రజేశాడు. ఇంక తప్పక నేను తువ్వాలు లాగాను. అదే క్షణంలో ఆయనా లాగాడు.

ఆయన మూతీ గారెలే!

ఒకర్నొకరం చూసుకున్నాం. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది, కానీ నవ్వడానికి పెదాలు సహకరించలేదు. పీక నోట్లో పెట్టి ఊదాను. పుస్స్. ఆయన ఊదాడు. ఫుర్ర్. సైకిలు ట్యూబు పంక్చరైనా అంతకంటే శ్రుతిలో ఉంటుంది. పూజారి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. వెనకెవరో నవ్వారు. ప్రెసిడెంటు నిట్టూర్చి ఫోను తీశాడు. స్పీకరు టుంగుమంది. ఇంక అయిపోయింది మా మేళం, నా మూతి వల్లే అయిపోయింది అనుకున్నాను.

ఆడవాళ్ల వరసలోంచి గౌరి లేచింది. కొంగు నడుముకి దోపి, జనాన్ని తోసుకుంటూ వచ్చింది. పీకల డబ్బా ఆమె దగ్గరే ఉంది. నా చేతిలోంచి సన్నాయి లాక్కుని, వేరే పీక గుచ్చి, నాన్న వైపు ఒక్కసారి చూసింది. ఆయన వద్దనలేదు. అనడానికి ఆయన దగ్గర వ కూడా మిగల్లేదు.

గౌరి ఊదింది.

ఆ తొలి స్వరానికే నా ఒళ్లు జలదరించింది. అప్పన్న చేతులకి ఎక్కణ్ణుంచో బలమొచ్చి డోలు అందుకున్నాడు. పూజారి సూత్రం కట్టాడు. అక్షింతలు వానలా పడ్డాయి. గట్టిమేళం అయిపోయినా గౌరి ఆపలేదు, కల్యాణ కీర్తన ఎత్తుకుంది. ప్రెసిడెంటు స్పీకరుని కాలితో బల్ల కిందకి తోసేశాడు. అయ్యాక వచ్చి, "అమ్మా, రేపు తిరువీధికి కూడా నువ్వే రావాల" అన్నాడు.

మావ కళ్లు తుడుచుకున్నాడు. "ఇన్నాళ్లూ హీకలు హదును సేయించానే నీ సేత" అన్నాడు. గౌరి ఆయన చెయ్యి పట్టుకుంది.

జనం పల్చబడ్డాక మావ నన్ను స్తంభం చాటుకి పిలిచి, జేబులోంచి ఆకుపచ్చ దారం ముక్క తీసి చూపించాడు. "ఇది నీ హనేనా?"

"హావా..."

"తల హంచింది కదాని నిన్న సాయంత్రం ఒకటి కొరికానురా. సాహి కన్నా హుందు తినేసినోణ్ణి, నిన్నెలాగ తిట్టను?"

ఇద్దరం ఒకరి భుజం మీద ఒకరు పడి, శబ్దం లేకుండా, పెదాలు కదపకుండా నవ్వుకున్నాం. నొప్పికి కళ్లంట నీళ్లు కారాయి.

ఇప్పుడు గుడి మేళం గౌరిది. మేమిద్దరం ఆమెకి చెరో పక్కా నిలబడతాం. మొన్న వేసవికి చెట్టు మీద కాయలు నిజంగానే పండాయి. గౌరే చూసి, నొక్కి, పాలు కారడం లేదని తేల్చుకుని కోసింది. స్వామికి పెట్టాక మిగిలినవి పళ్లెంలో తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టింది. 

అప్పటికే నేను స్వామి సన్నిధిలో కర్పూరం ఆర్పి ప్రమాణం చేసి ఉన్నాను: ఈ జన్మలో అంజూరం నా అంతట నేను కొయ్యను, ముందుగా కొరకను, మావ తిని, ఆయన మూతి మామూలుగానే ఉందని కళ్లారా చూశాకే నోట్లో పెడతాను అని. అందుకని చేతులు కట్టుకుని ఆయన వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయనా చేతులు కట్టుకుని నా వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆయన ప్రమాణం కూడా అదేనట.

పళ్లెం గౌరి ఖాళీ చేసింది.