దాచినవి చూపించే ప్రింటక్క

కాలేజీ గేటుకి ఎదురుగా, చెప్పుల షాపుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న ప్రింట్ షాపు ఆమెది. ఒక కంప్యూటర్, రెండు ప్రింటర్లు, ఒక బైండింగ్ మిషను. ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీద ఉండాల్సిందే. ఆమె అందరికీ ప్రింటక్క. అసలు పేరు మొగుడికి తెలుసు గానీ ఆయన "ఏమోయ్" అంటాడు కనుక అదీ వాడుకలో లేదు.

ప్రింటక్కకి ఒక అలవాటుంది. ఎవరి పెన్‌డ్రైవ్ పెట్టినా, కంప్యూటర్ మామూలుగా దాచి ఉంచే ఫైళ్ళను కూడా తెర మీదికి రప్పించి చూస్తుంది. అలా వచ్చినవి వెలిసిపోయిన బట్టలా లేతరంగులో కనిపిస్తాయి. ఈ అలవాటు ఊరికే రాలేదు. షాపు పెట్టిన కొత్తలో ఒకమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు తెచ్చింది. తెరిస్తే ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు, ఒకటి నిగనిగలాడుతూ, ఒకటి పాలిపోయి. పాలిపోయిందే వైరస్ అనుకుని ప్రింటక్క తుడిచిపారేసింది. తీరా చూస్తే అసలుది అదే. వైరస్ దాన్ని దాచేసి, దాని పేరే పెట్టుకుని, పెద్దమనిషిలా ముందు కూర్చుంది. ఆ పిల్ల బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఇద్దరూ రెండు రోజులు కూర్చుని రిపోర్టంతా మళ్ళీ టైపు చేశారు.

ఆనాటి నుంచి నిగనిగలాడేవాటిని ప్రింటక్క ఓ పట్టాన నమ్మదు. ఫోల్డర్ బొమ్మ మూలన, అసలుది కాదని చెప్పే చిన్న బాణం గుర్తుందా, సైజు మరీ తక్కువుందా అని చూశాకే క్లిక్ చేస్తుంది. మనుషుల్ని చూడ్డానికి కూడా ఈ విద్య పనికొచ్చేదే గానీ, అప్పటికే పెళ్ళయిపోయింది.

పరీక్షల ముందు ఈ అలవాటే ఆమె మెడకు చుట్టుకుంది. వారంలో పదిమంది పిల్లల పెన్‌డ్రైవ్‌లలో వైరస్ బయటపడింది. బయటపడింది ఆమె తెర మీద కాబట్టి, ఎక్కింది కూడా ఆమె కంప్యూటర్ నుంచే అన్నారు.

"వేరే షాపుల్లో ఏమీ కనపడలేదక్కా" అన్నాడొక కుర్రాడు.

"చూడనివాళ్ళకి ఏం కనపడుతుంది నాయనా?" అందామె.

మర్నాటికల్లా కాలేజీ నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది. ఎదుటి ప్రింట్ షాపులో పెన్‌డ్రైవ్‌లు పెట్టరాదట. దాన్ని టైపు చేసి అతికించింది ఆఫీసు గుమస్తా. ఆ గుమస్తా ఎవరో కాదు, ప్రింటక్క మొగుడు.

"ప్రిన్సిపాల్ మేడం చెప్పారు, చేశాను. ఆఫీసు ఆఫీసే, ఇల్లు ఇల్లే" అన్నాడాయన కంచం ముందు కూర్చుంటూ.

"నన్నొక్క మాట అడగొచ్చు కదండీ?"

"ఏమని అడగాలి? నిప్పు లేనిదే పొగ వస్తుందా?"

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. షాపు మూతపడుతుందన్న దిగులు ఒక ఎత్తు, కట్టుకున్నవాడే నమ్మలేదన్న బాధ ఒక ఎత్తు. ఆ పూట ఆయనకి రెండోసారి వడ్డించలేదు.

మర్నాడు షాపులో ఈగలు తోలుకుంటూ కూర్చుంది. మధ్యాహ్నం నలుగురు అమ్మాయిలు నోటీసుని లెక్కచేయకుండా వచ్చారు. నాలుగు పెన్‌డ్రైవ్‌లలోనూ వైరస్ ఉంది. ఈసారి ప్రింటక్క ఆ దాగిన ఫైలు ఎప్పుడు ఎక్కిందో సమయం చూసింది. ఒకదాంట్లో తొమ్మిదీ నలభై, ఇంకోదాంట్లో తొమ్మిదీ నలభై అయిదు. నాలుగూ పదిలోపే. ఆమె షాపు తీసేదే పదిన్నరకి.

"పొద్దున వీటిని ఎక్కడ పెట్టారే?"

"ఆఫీసులోనక్కా. గుమస్తాగారి కంప్యూటర్‌లోకి రిపోర్టు కాపీ ఎక్కించాకే కదా ప్రింటుకి రావాలి."

ప్రింటక్కకి నవ్వూ కోపమూ కలిసే వచ్చాయి. మేడంతో చెబితే తన పేరు నిలుస్తుంది, మొగుడి పరువు పోతుంది. ఊరుకుంటే షాపు పోతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అనుకుని, మర్నాడు తొమ్మిదిన్నరకి ఆఫీసులో ఆయన బల్ల ముందు నిలబడింది.

"కొత్త పెన్‌డ్రైవ్. మీ ఎదుటే ప్యాకెట్ చింపుతున్నా. పెట్టండి."

పెట్టాడు. "చూడు, ఖాళీగా ఉంది. నా కంప్యూటర్ అద్దంలా ఉంటుంది" అన్నాడు మీసం సవరించుకుంటూ.

ఆమె మౌసు లాక్కుని రెండు క్లిక్కులు కొట్టింది. తెర మీద లేతరంగు ఫైలొకటి తేలింది. దాని సమయమూ గోడ గడియారంలో సమయమూ ఒక్కటే.

"ఈ మధ్య దీన్లో ఏమైనా ఎక్కించారా?"

"చదరంగం ఆటకీ దీనికీ ఏం సంబంధం?" అనేశాడాయన.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, చదరంగం మాట ఎత్తింది ఆయనే. స్నేహితుడిచ్చిన ఉచిత ఆటట, భోజనాల వేళ ఆడుకోవడానికట.

"మేడంతో నేను చెప్పను. చెప్పాల్సింది మీరు" అనేసి ఆమె వచ్చేసింది.

షాపు తీసింది గానీ పని మీద మనసు లేదు. పదకొండైంది, పన్నెండైంది. చెప్పడేమో అనుకుంటూ ఆమె కాలేజీ గేటు వైపే చూస్తూ కూర్చుంది.

ఒంటిగంటకి ఆయన రోడ్డు దాటి వచ్చాడు. షాపు పెట్టిన ఆరేళ్ళలో గడప తొక్కని మనిషి, వెనకాల పదిహేనుమంది పిల్లలతో వచ్చాడు. చెమట తుడుచుకుని, అందరికీ వినపడేట్టు అన్నాడు:

"ఒరే పిల్లలూ, వైరస్ నా కంప్యూటర్‌దే. ఎక్కించింది నేనే. కనిపెట్టింది ఈవిడ. మేడంతోనూ చెప్పి, నోటీసు చింపేసి వస్తున్నా."

పిల్లలు ఈలలు వేశారు. ప్రింటక్కకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మేడం ఏమన్నారు?" అంది మెల్లిగా.

"నాలుగు చివాట్లు పెట్టారు. ఆఫీసు కంప్యూటర్లన్నీ చూడ్డానికి తెలిసినవాళ్ళున్నారా అని అడిగారు. నీ పేరు చెప్పాను."

"ఏ పేరు? ఏమోయ్ అనా?"

పిల్లలు గొల్లుమన్నారు. ఆయన ఒక్క క్షణం తల దించుకుని, ఎన్నో ఏళ్ళ తర్వాత ఆమె అసలు పేరు పైకి పలికాడు.