కియో మౌసీ వెంట ఒసాకా వీధుల్లో

ఈ ఉదయం నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని మా ఇంటి తలుపులకు వడ్రంగి అవిసె నూనె పట్టిస్తున్నాడు. బయట సన్నటి వాన. తడిగాలితో కలిసి ఆ వాసన ముందుగదిలోకి రాగానే చదువుతున్న పత్రిక పక్కన పెట్టేశాను. నలభై ఏళ్ల కింద ఒసాకా నగరంలో దిగిన మొదటి రోజు నా చేతికిచ్చిన కాగితం గొడుగు వాసన ఇదే. వాన నీరు దిగకుండా అక్కడి గొడుగులకు నూనె పట్టిస్తారు. ఆ గొడుగు నాకిచ్చి, తానొకటి పట్టుకొని, నాకంటే నాలుగడుగులు ముందు నడిచిన మనిషి పేరు కియో. మా ఇంట్లో పిల్లలకు ఆ పేరు తెలుసు. అంతకు మించి ఏమీ తెలియదు. ఆమె ఫోటో కూడా నా దగ్గర లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. బోధన్ నుంచి కోటగిరి పోయే దారిలో గంగారాం సావుకారు పెట్టిన చిన్న చక్కెర కార్ఖానాలో మిస్త్రీగా ఉన్నాను. రసం కాచి, పాకంలో చక్కెర పలుకు కట్టాక గోనెసంచుల్లో నింపి, పైన బరువులు పెట్టి నల్లటి మడ్డి కారనిచ్చేవాళ్లం. దానికి రోజుల తరబడి పట్టేది. ఈలోగా రైతుల చెరుకు బండ్ల మీదే ఎండిపోయేది. పాకాన్ని గిరగిరా తిప్పి మడ్డిని వెంటనే వేరుచేసే యంత్రం ఒసాకాలో దొరుకుతుందని బొంబాయి వ్యాపారి ఒకాయన చెప్పాడు. సావుకారు నన్ను పిలిపించాడు.

“సదువుకున్నోనివి, నువ్వే పో. మంచిగ నడిపిచ్చి సూడు. నీ మనసు ఒప్పినంకనే కాయితాల మీద దస్కతు పెట్టు,” అన్నాడు.

నా చదువంటే నిజామాబాద్ ఉర్దూ బడిలో చదివిన పదేళ్లు, కాస్త ఇంగ్లీషు. అది చూసే సావుకారు అంతకు రెండేళ్ల ముందు నన్ను లస్మన్న మీద మిస్త్రీని చేశాడు. లస్మన్న నేను పుట్టకముందు నుంచి పాకం కాస్తున్న మనిషి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చుక్క పాకం రుద్ది పదును చెప్పగలడు. నాకు తెలియని సంగతి వచ్చిన ప్రతిసారీ నేను తెలిసినట్టే తల ఊపేవాణ్ని. అడిగితే అలుసైపోతానని భయం. ఓడ మీద నెలరోజులూ ఆ భయం నాతోనే ఉంది.

ఒసాకాలో దిగాక అక్కడ కొట్టు పెట్టుకున్న మన దేశపు వ్యాపారి ఒకాయన నాకు తోడుగా కియోను కుదిర్చాడు. యాభై దాటిన పొట్టి మనిషి. ముదురు నీలం కిమోనో, చెక్క చెప్పులు. “రా భాయి, దూరం నుంచి వచ్చినవ్,” అని హిందుస్తానీలో అన్నది. పత్తి కొనడానికి బొంబాయిలో కాపురం పెట్టిన జపాను వర్తకుడి ఇంట్లో ఆమె ఎనిమిదేళ్లు వంట చేసిందట. కూరగాయల బజారులో నేర్చిన భాష. సగం మరాఠీ. క్రియల్లో మగ ఆడ తేడా ఉండేది కాదు. మా బోధన్ అంగట్లో మరాఠీ విని పెరిగినవాణ్ని కాబట్టి నాకేమీ ఇబ్బంది కాలేదు. ఆమె మాటలు నా చెవికి మా ఊరి మాటల్లాగే వినపడేవి. అట్లాగే ఇక్కడ రాస్తున్నాను. ఆ పూటే ఆమెను మౌసీ అని పిలిచాను. అంటే పిన్ని.

ట్రాము ఎక్కుదామన్నాను. వద్దన్నది. భూమి కింద కొత్తగా నడుస్తున్న రైలు చూపించమన్నాను. “దాంట్ల ఏం కనవడ్తది? నడువు,” అన్నది. కాలువల వెంట, వంతెనల మీదుగా, దుప్పట్లు ఆరేసిన గల్లీల గుండా రెండు గంటలు నడిపించింది. ఎక్కడ కత్తులు నూరుతారో, ఎక్కడ బొగ్గు పడవలు ఆగుతాయో చూపించింది. చివరికి ఒక వంతెన మధ్యలో ఆగి, “ఇగ నువ్వు ముందు నడువు. నన్ను మనం బయలెల్లిన కాడికి తోల్కపో,” అన్నది.

దారి తెలుసన్నట్టే నడిచాను. మొదటి మలుపులోనే తప్పానని నాకు తెలుసు. అయినా ఆగలేదు. చేపల బజారులో తేలాం. తర్వాత ఒక గోడ దగ్గర దారి ముగిసింది. ఆమె వెనకే వస్తున్నది. చెక్క చెప్పుల టకటక వినపడుతోంది. కాళ్లు తిమ్మిరెక్కి, బట్టలు తడిసి, చివరికి ఒక ఇంటి అరుగు మీద కూలబడ్డాను.

“తప్పిపోయినం,” అన్నాను.

“మనం కాదు, నువ్వు,” అన్నది. “గంట సేపట్నుంచి నీకు ఎరుకే. గీ గల్లీల ఎంతమంది ఎదురైండ్రు? ఒక్కన్నన్న అడిగినవా?”

“నాకు వాళ్ల భాష రాదు గద, మౌసీ.”

“చెయ్యి లేదా నీకు? ముఖం లేదా?”

గొడుగు మడిచి నా పక్కన కూర్చుంది. అప్పుడే తన సంగతి చెప్పింది. బొంబాయి వెళ్లిన మొదటి నెలలో యజమానురాలి చంటిబిడ్డకు జ్వరం వస్తే మందు తేవడానికి వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు దారి తప్పింది. తెలివితక్కువదని పని మాన్పిస్తారన్న భయంతో ఎవరినీ అడగలేదు. పొద్దున వెళ్లింది సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంది. చేతిలో మందు, ఇంట్లో బిడ్డ. చివరికి కొత్తిమీర అమ్ముకునే ఒకావిడ ఆమె ముఖం చూసి గంప దించింది. ఏ దేశమని అడగలేదు. ఎక్కడికి పోవాలో మాత్రం అడిగింది. గంప పక్క దుకాణంలో పెట్టి, చెయ్యి పట్టుకొని ఇల్లు చేర్చింది.

“బిడ్డ బతికింది,” అన్నది కియో మౌసీ. “గని ఆ పొద్దంత ఎట్ల గడిసిందో నాకే ఎరుక. నా సిగ్గుకు ఆ పోరి సచ్చిపోతుండె.”

నేను లేచి, పీపాలు దొర్లిస్తున్న ముసలాయన దగ్గరికి వెళ్లాను. చేతులతో వంతెన ఆకారం చూపి, వ్యాపారి కొట్టు పేరు చెప్పాను. ఆయన పని ఆపి, నవ్వి, మలుపు దాకా వచ్చి మరీ దారి చూపించాడు.

యంత్రం చూపించే రోజు వచ్చింది. అమ్మేవాళ్ల గది అద్దంలా ఉంది. ఇత్తడి తొట్టిలో పలచటి పాకం పోసి తిప్పారు. లోపలి జల్లెడ గుండా మడ్డి కారిపోయి, తెల్లటి చక్కెర తొట్టి అంచుకు అంటుకుంది. అందరూ నా వైపు చూశారు. దస్కతు పెట్టాల్సిన కాగితాలు బల్ల మీద ఉన్నాయి. మా పాకం ఇంతకంటే ఎంతో చిక్కన, మరి ఇది నడుస్తుందా అని అడగాలనుకున్నాను. కోట్లు వేసుకున్న నలుగురు ఇంజినీర్ల ముందు అడగడానికి సిగ్గుపడ్డాను. రేపు వస్తానని చెప్పి బయటపడ్డాను.

కియో మౌసీ అంతా గమనించింది. “లోపల ఏమో అడుగుదామనుకున్నవ్,” అన్నది. చెప్పాను. నన్ను నదికి అవతల ఉన్న ఒక పాత పేటకు నడిపించింది. అక్కడ పెంకుటింట్లో నల్లబెల్లం కరిగించి చక్కెర తీసే చిన్న కార్ఖానా ఉంది. అదే రకం యంత్రం, మసిబారి పనిచేస్తోంది. తలకు గుడ్డ కట్టుకున్న పనివాడొకడు దాన్ని నడుపుతున్నాడు. నేను అడుగుతుంటే మౌసీ జపానులోకి మార్చింది. మొదటి ప్రశ్న దూరంగా నిలబడి అడిగాను. పదో ప్రశ్నకు నేను నేల మీద కూర్చొని బొగ్గుముక్కతో జల్లెడ బొమ్మ గీస్తున్నాను. చిక్కటి పాకానికి ఆ చిల్లులు పూడిపోతాయనీ, తొట్టి ఒకవైపు బరువెక్కి ఊగిపోతుందనీ, తామూ జల్లెడ మార్పించుకున్నామనీ అతను చెప్పాడు. పాకం ఎంత నిదానంగా పోయాలో చేయి పట్టి చూపించాడు.

మర్నాడు ఆ నలుగురి ముందే అడిగాను. చిక్కటి పాకం పోసి నడపమన్నాను. వాళ్లు మొహాలు చూసుకున్నారు. నడిపారు. పావుగంటలో తొట్టి దడదడలాడి ఆగిపోయింది. పెద్ద ఇంజినీరు నాకు వంగి దండం పెట్టాడు. పన్నెండు రోజుల్లో చిల్లులు పెద్దవి చేసిన కొత్త జల్లెడలు తయారయ్యాయి. అవి నడిచాకే దస్కతు పెట్టాను.

ఆ పన్నెండు రోజులూ మేం నగరమంతా నడిచాం. ఒకనాడు కొత్తగా కట్టిన కోట బురుజు ఎక్కించింది. కనుచూపు మేర పొగ గొట్టాలు, మధ్యలో కాలువలు మెరుస్తున్నాయి. ఎంత బాగుందో అన్నాను. “ఈడ్నుంచి అంత ఎరుకైనట్టే ఉంటది. కిందికి దిగినంక ఒక్క గల్లి యాదికుండది,” అని నవ్వింది. ఓడ ఎక్కే రోజు రేవు దాకా నేనే ముందు నడిచాను. రెండు చోట్ల ఆగి దారి అడిగాను. ఆమె వెనకే వచ్చింది. రేవులో, “ఇగ నాతోని పని లేదు నీకు,” అని మాత్రం అన్నది. కాళ్లు మొక్కబోతే భుజం పట్టి లేపింది.

ఆ చలికాలం మా కార్ఖానాలో యంత్రం బిగించాం. మూడో రోజే చక్కెర జావలా దిగడం మొదలైంది. బయట చెరుకు బండ్లు రోడ్డు దాకా ఆగి ఉన్నాయి. సావుకారు, పనివాళ్లు, రైతులు అందరూ చుట్టూ నిలబడ్డారు. నేను చేతులు తుడుచుకొని గుంపు వెనకనున్న లస్మన్న దగ్గరికి వెళ్లాను.

“అన్నా, నాకు తెలుస్తలేదు. మిషిన్ మంచిగనే ఉన్నది. పాకంల ఏమన్న తక్కువైందా? నువ్వు జెర సూడాలె.”

లస్మన్న వచ్చి, పాకం వేళ్ల మధ్య రుద్దాడు. “పలుకు సన్నగున్నది. ఇంకో రెండు దినాలు సల్లారనియ్యాలె. మిషిన్ వచ్చిందని ఆగమాగం జేస్తున్నరు,” అన్నాడు. బండ్ల రైతులకు నేనే వెళ్లి చెప్పాను, రెండు రోజులు ఆగమని. మూడో రోజు తొట్టిలో గట్టి పలుకు చక్కెర నిలబడింది. లస్మన్న గుప్పెడు తీసుకొని నా చేతిలో పోశాడు.

“గీ మాట రెండేండ్ల కిందనే అడిగితే ఏం పోతుండె?” అన్నాడు.

“సిగ్గైంది, అన్న.”

“నాకు కోపమైంది,” అన్నాడు. ఆ పూట ఇద్దరం ఒకే గిన్నెలో తిన్నాం. ఆయన బతికి ఉన్నన్నాళ్లు ఆ యంత్రాన్ని ఇద్దరం కలిసే నడిపాం.

సంగతంతా వ్యాపారి ద్వారా కియో మౌసీకి రాయించాను. ఒక జవాబు వచ్చింది. చదివి వినిపిస్తే నవ్విందట, వ్యాపారి రాశాడు. తర్వాత యుద్ధం వచ్చింది. ఒసాకా మీద బాంబులు పడ్డాయని పత్రికల్లో చదివాను. ఎన్ని ఉత్తరాలు రాసినా ఆమె జాడ తెలియలేదు.

తర్వాతి ఏళ్లలో నా చేతి కింద చాలామంది పని నేర్చుకున్నారు. చురుకైనవాళ్లున్నారు, నాకంటే చదువుకున్నవాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరి విషయంలో నేను ఒక రోజు కోసం ఎదురుచూసేవాణ్ని. అందరి ముందు, తల దించుకోకుండా, “నాకు ఎరుక లేదు, సారు, చెప్పుండ్రి,” అని వాళ్లు అనే రోజు కోసం. అది విన్న రోజే వాళ్ల చేతికి యంత్రం అప్పగించి, నేను నాలుగడుగులు వెనక్కి తగ్గి నిలబడేవాణ్ని.