అయస్కాంతం అంటని బ్రేకు

ఆ రోజుల్లో నా లెక్కలో లోహాలన్నీ రెండే రకాలు: అయస్కాంతం అంటుకునేవి, అంటుకోనివి. ఈ జ్ఞానం అమ్మ పెట్టిన భిక్ష. స్టీలు సామాన్ల దుకాణంలో అమ్మ పర్సులోంచి చిన్న అయస్కాంతం ముక్క (పాత స్పీకరులోంచి నాన్న ఊడదీసి ఇచ్చింది) తీసి ప్రతి గిన్నెకూ ఆనించి చూసేది. అంటుకుందా, ఆ గిన్నె పని అయిపోయినట్టే. "అంటుకుంటే నకిలీ మాలు బిడ్డా, తుప్పు వడ్తది" అనేది. ఆమె గడప తొక్కగానే దుకాణాయన మొహం వాడిపోయేది.

అప్పుడే పంజగుట్ట ఫ్లైఓవర్‌కు అవతల ఒక ఆఫీసులో ఉద్యోగంలో చేరాను. మా ఇల్లు బల్కంపేట. నాదొక సెకండ్ హ్యాండ్ మోటారు సైకిలు. మా ఆఫీసులోనే చేసే కాకినాడమ్మాయి (మేం పెట్టిన పేరు) అమీర్‌పేటలో హాస్టల్లో ఉండేది. ఆమెను ఒక్కసారైనా బండి మీద హాస్టల్ దగ్గర దింపాలని నాకు ఎంత కోరికో ఎవరికీ చెప్పుకోలేదు. ఒకనాడు పొద్దుటినుంచీ వాన. సాయంత్రం బస్సులు కిక్కిరిసిపోతుంటే తనే "మీ బండి మీద వస్తానండీ" అంది. నా కాళ్లు నేల మీద లేవు. తీరా పార్కింగ్‌కు వెళ్లి చూస్తే, తడిసిన బండి ముందు చక్రానికున్న బ్రేకు డిస్కు ఇటుక రంగుకు తిరిగి ఉంది.

"ఏంటండీ ఇది, తుప్పా? ఇది ఆగుతుందా?"

"ఆగుతుందండీ."

"ఆగుతుందని మీరంటున్నారు. అది అనట్లేదు కదండీ" అని నవ్వి, గొడుగు విప్పుకుని బస్టాపుకు వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి చూద్దును కదా, డిస్కు తళతళా మెరుస్తోంది! దారిలో తుప్పు ఎటు పోయింది? ఆ ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం నిలబడి ఉంటే సరిపోయేది. కానీ నా బుర్ర ఇంకో ప్రశ్న మీదికి ఉరికింది. రోజూ నీళ్లలో నానే మంచినీళ్ల గ్లాసుకు పట్టని తుప్పు, ఒక్క వానకే డిస్కుకు ఎందుకు పట్టాలి? అమ్మ అయస్కాంతం తెచ్చి ఆనించాను. టక్కున అతుక్కుంది. నకిలీ మాలు!

మర్నాటి నుంచి స్పేర్ పార్టుల దుకాణాల మీద పడ్డాను. కొత్త డిస్కులన్నింటికీ అయస్కాంతం అంటుకుంటూనే ఉంది. మొదటి దుకాణాయన నన్ను ఎగాదిగా చూసి, "అన్నా, గిది బ్రేకు డిస్కు. నువ్వు పప్పు గిన్నె లెక్క సూస్తున్నవ్. కంపెనీ మాలే, ఫికర్ చెయ్యకు" అన్నాడు. అందరూ కలిసి మోసం చేస్తున్నారని తీర్మానించుకుని, ఒక లేత్ షాపుకు వెళ్లి, హోటల్ వంట సామాన్లకు వాడే, అయస్కాంతం అంటని మందపాటి స్టీలు రేకులోంచి అదే కొలతకు డిస్కు కోయించాను. బకెట్టు నీళ్లలో నానబెట్టాను, ఉప్పు కూడా వేశాను (పప్పు గిన్నె మాట ఊరికే పోలేదు). మచ్చ పడితే ఒట్టు.

బిగించి, పిలిచి చూపించాను. కాకినాడమ్మాయి వంగి అందులో మొహం చూసుకుని, జుట్టు సర్దుకుని, ఎక్కి కూర్చుంది. ఫ్లైఓవర్ ట్రాఫిక్‌లో అడుగడుక్కీ బ్రేకు వేస్తూ వెళ్లాను. దిగువకు వచ్చేసరికి డిస్కు కాలి, బ్రేకు లివరు వేళ్ల కింద ఎగిరెగిరి పడుతూ, బండి కీచుమని అరుస్తూ, సిగ్నల్ గీత దాటి, కానిస్టేబుల్ బూట్ల ముందు ఆగింది.

"ఏం భాయ్, గీత దాటినంక యాదికొచ్చిందా బ్రేకు?" అన్నాడాయన.

వెనక నుంచి ఆమె దిగి, "ఇది మొహం చూసుకోడానికి బాగుందండీ" అని నడిచి వెళ్లిపోయింది. ఈసారి నవ్వలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఇంట్లో డిస్కు విప్పి గచ్చు మీద పెడితే సొట్ట పళ్లెంలా అటూ ఇటూ ఊగింది. అమ్మ చూసి, "ఉత్త గిన్నె పొయ్యి మీద మర్చిపోయినవారా? అడుగు గిట్లనే లేస్తది" అంది.

"మరి దీనికి అయస్కాంతం అంటలేదు కదమ్మా!"

"అంటకుంటే వండుకతినెటందుకు మంచిది. దోశలకు ఇనుప పెనమే గదరా పెడ్త! తడిస్తే దానికి సుత తుప్పు వడ్తది. తుడిస్తే పోతది."

తుడిస్తే పోతది! ఆ వాన సాయంత్రం తుప్పు ఎటు పోయిందో అప్పుడర్థమైంది. బ్రేకు వేసినప్పుడల్లా డిస్కును ఒత్తిపట్టే ప్యాడ్లు తుడిచేశాయి. (తర్వాత చదివి తెలుసుకున్నాను: కంపెనీ డిస్కులదీ స్టీలే, కానీ వేడికీ రాపిడికీ తట్టుకోవడం కోసం కాస్త తుప్పుకు ఒప్పుకున్న స్టీలు.) కంపెనీ డిస్కు కొనడానికి మళ్లీ మొదటి దుకాణానికే వెళ్లాను. "అయస్కాంతం తెచ్చినవా అన్నా?" అన్నాడు. "ఇంట్ల పెట్టి వచ్చిన" అన్నాను.

మళ్లీ వాన పడ్డ సాయంత్రం, కంపెనీ డిస్కు మీద పల్చగా గోధుమరంగు. కాకినాడమ్మాయిని బతిమాలి ఆపి, పార్కింగ్‌లోనే బండి నడిపి, రెండు మూడుసార్లు బ్రేకు వేసి చూపించాను. అమ్మ పెనం సంగతీ, ఉప్పునీళ్ల బకెట్టు సంగతీ, దుకాణాల సంగతీ అన్నీ చెప్పేశాను. ఆమె డిస్కు వంక చూడనే లేదు. "నన్ను హాస్టల్ దగ్గర దింపడానికి ఇన్ని దుకాణాలు తిరిగారా?" అంది. తర్వాత ఎక్కి కూర్చుంది.

ఇప్పుడా అయస్కాంతం మా ఇంటావిడ పర్సులో ఉంది. కాకినాడ వాళ్లకు కూడా స్టీలు సామాన్ల పిచ్చి తక్కువేం కాదు. ఒక్కోసారి అనుకుంటాను, "రెండు బ్రేకులు వేస్తే పోతుందండీ" అని మొదటి రోజే చెప్పగలిగి ఉంటే, ఆమె ఎక్కేది, అమీర్‌పేటలో దిగి థాంక్సండీ అనేది, అంతటితో అయిపోయేది. అయస్కాంతం పట్టుకుని దుకాణాల వెంట తిరిగే ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురైతే, నిజం మాత్రం చెప్పను. పక్క దుకాణంలో కూడా ఓసారి చూసి రమ్మంటాను.