ల్యాప్‌టాప్ ఇంట్లో వదిలి హిమాయత్‌నగర్ దాకా

పెద్ద ట్యాబ్ ఒకటి ఉంటే ల్యాప్‌టాప్ లేకుండా రోజువారీ పని నడుస్తుందా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. వాళ్లకు జవాబు చెప్పే అర్హత నాకుంది. ట్యాబ్ చంకన పెట్టుకుని దేశమంతా తిరిగి వచ్చినవాణ్ణి. దేశమంతా అంటే చేవెళ్ల నుంచి మొయినాబాద్, అక్కడి నుంచి దాని పక్కనున్న పల్లె హిమాయత్‌నగర్, మళ్లీ వెనక్కి. ఒక్క రోజు పని. నా వయసులో, ఆ బస్సుల్లో, ఆ ఒక్క రోజే దేశమంత పొడుగుంటుంది.

నేను చేవెళ్లలో తహసీలు ఆఫీసు దగ్గర కూర్చుని కాగితాలు రాస్తాను. అర్జీలు, కిరాయి ఒప్పందాలు, అన్నదమ్ముల పంపకాలు. మొదట్లో చేత్తో రాసేవాణ్ణి, తర్వాత టైపు మిషను వచ్చింది, ఇప్పుడు ల్యాప్‌టాప్. ఇంట్లో ఉన్నది ఆ ఒక్కటే. మా కోడలు స్వరూప కంప్యూటర్ ఎంబ్రాయిడరీ నేర్చుకుని ముందు గదిలో మిషను పెట్టుకుంది. జాకెట్ల మీద పూలు, నెమళ్లు కుట్టాలంటే ముందు డిజైన్ తయారు చేయాలి. ఆ సాఫ్ట్‌వేర్ ల్యాప్‌టాప్‌లో తప్ప నడవదు. పగలంతా అది నా దగ్గరుంటుంది. నేను ఇల్లు చేరాక, వంటకూ గిన్నెలకూ మధ్య దొరికిన కాస్త సమయమే ఆమెది.

పెళ్లిళ్ల రోజులు దగ్గరికొచ్చాయి. మెహిదీపట్నంలో బట్టల షాపు నడిపే ఒకామె, ఒక పెళ్లివారి జాకెట్లన్నీ స్వరూపకే ఇస్తానని కబురు పంపింది. చేస్తావా లేదా, మరునాడు సాయంత్రం లోపల చెప్పమంది. పగలు ల్యాప్‌టాప్ చేతిలో లేకపోతే ఆ పని తెమలదు. మా అబ్బాయి క్రికెట్ చూడటానికి కొని, మోజు తీరాక బీరువాలో పడేసిన పెద్ద ట్యాబ్ ఒకటుంది. అన్నం తింటూ నేను గొప్పకు పోయి, ల్యాప్‌టాప్ ఎందుకు, పలక ఇచ్చినా నా పని నేను చేసుకుంటానన్నాను.

స్వరూప పెరుగు గిన్నె కింద పెట్టింది. "అయితె రేపు ట్యాబ్ తీస్కపోండ్రి మామయ్యా. మీ పని నడిస్తె నేను ఆర్డర్ ఒప్పుకుంట. నడవకుంటె చెయ్యలేనని చెప్త."

అట్లా మొదలైంది ప్రయాణం.

ఎనిమిది దాటాక చేవెళ్ల బస్టాండు చేరాను. ట్యాబ్ ఈకంత తేలిక అని దారిలో ఇద్దరికి చెప్పాను. ట్యాబ్ తేలికే. దానికి కీబోర్డు ఉన్న అట్ట, నిలబెట్టే స్టాండు, చార్జరు, స్టాంపు కాగితాల ఫైలు కలిపి సంచిలో వేస్తే నా భుజానికి ఏ తేడా తెలియలేదు. మీరు వెళ్లేటట్టయితే సంచి ఇంట్లోనే ఒకసారి తగిలించుకుని చూసుకోండి.

మెహిదీపట్నం బస్సు వచ్చేసరికే నిండి ఉంది. టికెట్ తీసుకుని కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. కనకమామిడి దగ్గర చామంతి పూల మూట ఒళ్లో పెట్టుకున్న ఒక పెద్దావిడ జరిగి చోటిచ్చింది. నేను ట్యాబ్ తీయగానే, గింత పెద్ద ఫోన్ ఎవరిచ్చారని అడిగింది. కలెక్టరాఫీసు వాళ్లు నా పని చూసి ఇచ్చారని చెప్పాను. ఆమె వెంటనే తన పింఛన్ సంగతి ఎత్తుకుని, పేరు రాసుకొమ్మని సంచిలోంచి ఆధార్ కార్డు తీయబోయింది. ఇక తప్పలేదు. అది మా కొడుకుదని, కలెక్టరు నన్ను ఎప్పుడూ చూడలేదని ఒప్పుకున్నాను.

"తెల్సు బాపు," అన్నదామె. "కలెక్టరాఫీసోళ్లయితె బస్సుల నిలవడతరా?"

బస్సులో ఒక పేజీ టైపు చేశానని తర్వాత హిమాయత్‌నగర్‌లో చెప్పుకున్నాను. నిజానికి రెండు లైన్లు. రెండో లైను నిండా స్పీడ్ బ్రేకర్ పుణ్యమా అని ఒకే అక్షరం ఉంది. ఒళ్లో పెట్టుకుంటే ల్యాప్‌టాప్ కదలకుండా కూర్చుంటుంది. ట్యాబ్ వెనక్కి పడిపోతుంది. దాన్ని ఒక చెయ్యి పట్టుకోవాలి, రెండో చెయ్యి రాయాలి, బస్సును పట్టుకోవడానికి మూడో చెయ్యి కావాలి.

తొమ్మిదిన్నరకు మొయినాబాద్‌లో దిగి, రోడ్డు పక్క హోటల్లో ఇడ్లీ తిని చాయ్ తాగాను. బయట బల్ల మీద ట్యాబ్ తెరిస్తే ఎండకు తెర అద్దంలాగా మారి, నా ముఖమే కనబడింది. పొద్దున్నే అంత అలసిపోయిన ముఖం చూడటం నాకు నచ్చలేదు, మూసేశాను. షేర్ ఆటో నిండేదాకా కూర్చుని హిమాయత్‌నగర్ చేరేసరికి పదిన్నర అయింది.

పని నర్సింలు, యాదయ్య అనే అన్నదమ్ములది. భూమి ఎప్పుడో పంచుకున్నారు. బోరు మాత్రం ఒక్కటే, అది అన్న నర్సింలు వైపు పడింది. ఆయనది చామంతి తోట, తమ్ముడిది టమాట. నీళ్ల వంతులు ఎట్లా, మోటరు కాలితే ఎవరు చేయించాలి అన్నది రాసుకుందామని పిలిచారు. రేకుల షెడ్డు కింద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నర్సింలు నా పక్కన, యాదయ్య ఎదురుగా దూరంగా. నర్సింలు భార్య లక్ష్మమ్మ గడప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నది.

మామూలుగా ఇటువంటి కాగితానికి నా దగ్గర పాత నమూనాలుంటాయి. పేర్లు, హద్దులు మారిస్తే చాలు, చాయ్ వచ్చేలోపల అయిపోతుంది. అవన్నీ ముందు రోజే ట్యాబ్‌లోకి ఎక్కించుకున్నాను. తెరిచాను. తెలుగు లేదు. గీతలు, చుక్కలు, విరిగిన ఇంగ్లిషు ముక్కలు. ఇంకొకటి తెరిచాను, అదీ అంతే. నేను ఇన్నేళ్లూ టైపు చేసింది పాతకాలపు ఫాంట్లలో. ఆ ఫాంట్లు నా ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి కాబట్టి అక్కడ అది తెలుగు, బయటికొస్తే ఎవరికీ అర్థం కాని రాత. తెలుగు డీటీపీ చేసిన నాబోటివాళ్లందరికీ ఈ దెబ్బ ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. నాకు అక్కడ తగిలింది.

మిషను వేడెక్కాలి, కొంచెం ఆగండి అన్నాను. చెమట పట్టింది నాకే.

కుర్చీ మీద కీబోర్డు నిలవలేదు. అప్పుడు మైకు బొమ్మ గుర్తొచ్చింది. దాన్ని నొక్కి మాట్లాడితే ట్యాబే రాస్తుంది. గొంతు సవరించుకుని, చేతులూపుతూ మొదలుపెట్టాను. మొదటి పక్షం వారు, రెండవ పక్షం వారు, ఉదయం నీటిని మొదటి పక్షం వారు వాడుకొనవలెను. అక్షరాలు వాటంతటవే పడుతుంటే ఇద్దరూ నోరు తెరిచి చూశారు. ఇది నేను తయారుచేసిన పద్ధతే అన్నట్టు తల పంకించాను. ఎవరూ అడగలేదు కాబట్టి కాదని చెప్పే అవసరం రాలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఎండాకాలం వంతుల దగ్గరికి వచ్చేసరికి యాదయ్య లేచి నిలబడ్డాడు. ఎండాకాలం పొద్దటి నీళ్లు అన్నకే అయితే తన టమాట ఏం కావాలన్నాడు. నర్సింలు ఏదో అన్నాడు. యాదయ్య పాత సంగతులన్నీ ఎత్తాడు. గొంతులు రోడ్డు దాకా వినబడ్డాయి. నా నడుము అప్పటికే పట్టేసింది, వాళ్లను ఆపే ఓపిక లేదు. కళ్లు మూసుకుని కూర్చున్నాను. మైకు ఆపలేదన్న సంగతి నాకు తట్టలేదు.

వాళ్లు అలసిపోయి ఆగాక, రాసినంతవరకు చదువుతానన్నాను. మా పనిలో ఒక పద్ధతుంది. నేను చదివాక కాగితం అందరి చేతులూ తిరగాలి. చదువు రానివాళ్లు కూడా ఒకసారి చేతిలోకి తీసుకుని, ఇటు తిప్పి అటు తిప్పి పక్కవాళ్లకు ఇస్తారు. ల్యాప్‌టాప్ వచ్చాక ఆ పద్ధతి పోయింది. దాని మూత నాకూ వాళ్లకూ మధ్య గోడలా ఉండేది, వెనక కూర్చుని నేను చదివిందే చదువు. ట్యాబ్‌కు గోడ లేదు. నేను కళ్లద్దాలు తుడుచుకునే లోపల యాదయ్య దాన్ని పళ్లెంలాగా అందుకుని పైకే చదవడం మొదలుపెట్టాడు.

మొదటి పక్షం, రెండవ పక్షం బాగానే చదివాడు. ఆ వెంటనే, నీ చామంతి ఎండితే నాకేంది అన్న మాట వచ్చింది. గొంతు తగ్గింది. అది తన మాటే. సగం తప్పుగా, సగం సరిగ్గా, అన్నను అన్నవన్నీ అచ్చక్షరాల్లో వరుసగా ఉన్నాయి. ట్యాబ్ నర్సింలు మోకాలి దగ్గర ఉండింది కాబట్టి ఆయన గొణిగింది కూడా పడింది. యాదయ్య ఆ లైను దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి మెల్లగా చదివాడు: "వాడు దవాఖానల ఉంటె వాని టమాటకు నీళ్లు కట్టింది నేనే."

"గీ మాట ఎప్పుడన్నవన్నా?"

"ఇప్పుడే అన్న," అన్నాడు నర్సింలు, తమ్ముడి వైపు చూడకుండా. "నువ్వు ఒర్లుతున్నవ్. నీకెట్ల వినవడ్తది?"

చిక్కుడుకాయల దగ్గర నుంచి లక్ష్మమ్మ తలెత్తింది. "ఈ పలక మన ఊరి పెద్దమనుషులకంటె నయమున్నది. ఎవరి మాటా ఇడిసిపెట్టలె."

అన్నదమ్ములిద్దరూ కౌగిలించుకుని కన్నీళ్లు పెట్టుకున్నారని చేవెళ్లలో చాయ్ దగ్గర చెప్పాను. అట్లాంటిదేమీ జరగలేదు. యాదయ్య కుర్చీ కొంచెం ముందుకు లాక్కున్నాడు. నర్సింలు చాయ్ పెట్టమన్నాడు. ఎండాకాలం పొద్దటి నీళ్లు దినం తప్పి దినం ఇద్దరికీ, మోటరు ఖర్చు చెరి సగం అని ఒప్పుకున్నారు. నా ప్రయాణంలో సులువుగా అయిన పని ఇదొక్కటే, అదీ నా పొరపాటు వల్ల.

తిట్లు తీసేయడం మాత్రం సులువు కాలేదు. వేలితో లైను పట్టుకోబోతే పేరా పట్టుబడింది. చెరిపితే తిట్లతో పాటు నీళ్ల వంతులు కూడా పోయాయి. మళ్లీ చెప్పాను, మళ్లీ రాసింది, మళ్లీ హద్దుల్లో తూర్పు ఒకచోట రెండుసార్లు వచ్చింది. మధ్యాహ్నం లక్ష్మమ్మ పెట్టిన జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర తిన్నాక అక్కడే నిద్రపోవాలనిపించింది. మెడ వంచి చూసీ చూసీ వెన్ను దాకా లాగుతున్నది.

మూడింటికి యాదయ్య బండి మీద మొయినాబాద్ తీసుకొచ్చాడు. కాలేజీ పిల్లలతో నిండిన జిరాక్స్ షాపులో కాగితాన్ని వాట్సాప్‌లో పంపాను. స్టాంపు కాగితం మీద పైభాగం వదిలి, ముద్ర కింద నుంచి రాత మొదలుకావాలి. తెల్ల కాగితం మీద ముందు ఒకటి తీయించాను కాబట్టి బతికిపోయాను. మొదటి లైన్లు సరిగ్గా ముద్ర పడేచోటే ఎక్కాయి, సంతకాల చోటు రెండో పేజీకి జారింది. ట్యాబ్‌లో ఎంత సర్దినా సర్దుకోలేదు. చివరికి షాపు అబ్బాయిని కుర్చీలోంచి లేపి, అతని కంప్యూటర్ ముందు నేనే కూర్చుని సరిచేశాను. మౌసు చేతికి తగలగానే ప్రాణం లేచొచ్చింది. మీరు వెళ్లేటట్టయితే ఇది గుర్తు పెట్టుకోండి. చదవడానికి, చూపించడానికి, చెబితే రాయడానికి ట్యాబ్ చాలు. కాగితం మీద కొలత ప్రకారం అచ్చు వేయాలంటే ఎవరిదో ఒకరి కంప్యూటర్ కావాలి. తన అన్న సంతకం కోసం యాదయ్య కాగితం పట్టుకుని వెనక్కి పోయాడు.

అయిదు దాటాక వచ్చిన చేవెళ్ల బస్సులో నిలబడటానికే చోటు దొరికింది. సురంగల్ వైపు ఎండ వాలుతుండగా ఫోన్ మోగింది. స్వరూప. షాపామె రెండుసార్లు ఫోన్ చేసిందట.

"నడిసిందా మామయ్యా?"

"నడుసుడా? ఉరికింది," అన్నాను. ల్యాప్‌టాప్ ఇక నాకు బరువేనని, ఊరంతా చూడటానికి వచ్చిందని, అన్నదమ్ముల తగాదా ట్యాబే తీర్చిందని చెప్పుకుపోయాను. ఆమె చివరిదాకా విన్నది.

"మీరు చెప్పిన దాంట్ల సగం తీసేస్తె ఎంత మిగుల్తది?"

పక్కన నిలబడ్డ కాలేజీ పిల్ల నవ్వింది. నాకు నవ్వే ఓపిక లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పాత నమూనాలు ఒక్కటీ తెరుచుకోలేదని, వేలితో దిద్దడం నా వల్ల కాదని, అచ్చుకు వేరేవాళ్ల కంప్యూటర్ కావలసి వచ్చిందని, గంటలో అయ్యే పనికి రోజంతా పట్టిందని.

"అయితె చెయ్యలేనని చెప్త షాపామెకు," అన్నది.

"ఆగు బిడ్డా. సగం తీసేసినా నీ జాకెట్లకు సరిపోతది. తహసీలు ఆఫీసు ముంగట జిరాక్స్ షాపులున్నయి గద, అచ్చు పని ఆడ చేసుకుంట. నాకు ఆదివారాలు మాత్రం ల్యాప్‌టాప్ ఇయ్యి. పాత నమూనాలన్నీ కొత్త అక్షరాలల్ల కొట్టుకోవాలె. ఫోన్ చేసి ఒప్పుకో."

"ఆదివారం పొద్దుగాల్నుంచి మాపటి దాంక మీదే." ఆమె గొంతులో తొందర వచ్చింది. పెట్టేయబోతూ ఆగింది. "మెడలు నొస్తలేవు గద?"

"అస్సలు నొస్తలేవు," అన్నాను.

చేవెళ్లలో దిగేటప్పుడు వెనక నుంచి కండక్టర్ పిలిస్తే మెడ తిరగక, మనిషిని మొత్తంగా తిరగవలసి వచ్చింది. ఇల్లు చేరేసరికి ముందు గదిలో ల్యాప్‌టాప్ తెరిచి ఉంది, స్వరూప నెమలి తోక గీస్తున్నది, తల ఎత్తలేదు. పెద్ద ట్యాబ్ ల్యాప్‌టాప్ పని మొత్తం చేస్తుందా అంటే, చెయ్యదు. మా ఇంట్లో మాత్రం చేస్తున్నది. మెడ సంగతి ఒక్కటి ఆమెకు ఇంకా సరిదిద్ది చెప్పలేదు.