పరుగుకు ముందే అరవై ఆరు

మా వారు గుండెపోటుతో పోయిన మూడో నెలలో నేను తిరిగి బడికి వెళ్ళాను. మార్టూరు దగ్గరి ఒక హైస్కూల్లో వ్యాయామం టీచర్ని. ఆ రోజు మొదటి పీరియడ్‌లో ఏడో తరగతి పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చాను: పరుగెత్తాక గుండె ఎంతసేపటికి నెమ్మదిస్తుంది? పరుగుకు ముందు అర నిమిషం నాడి లెక్కపెట్టి నోటుబుక్కులో రాయమన్నాను.

అందరూ నలభైకి అటూ ఇటూ రాశారు. శ్రావణి అరవై ఆరు రాసింది.

"లెక్కపెట్టకుండా వేసేశావు కదూ?" అన్నాను.

"లేదండీ మేడం, రెండుసార్లు లెక్కపెట్టానండీ."

"దాని గుండె ఎక్స్‌ప్రెస్ బండి మేడం!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

దాని అబద్ధం అందరి ముందూ తేల్చాలని నేనే చెయ్యి పట్టుకుని చూశాను. అరవై రెండు. చివరి రోజు మా వారి నాడి ఇలాగే కొట్టుకుంది.

"నొప్పిగా ఉందా? ఎప్పటినుంచి ఇలా?"

"నొప్పేం లేదండీ. పొద్దున్నే అమ్మతో మిరపకాయల కోతకెళ్ళానండీ. బెల్లు కొట్టేస్తారని చేలోంచి ఒకటే పరుగు. కాసేపాగితే తగ్గుద్దండీ."

పరుగు మాన్పించి అందరినీ కూర్చోబెట్టాను. శ్రావణి నాడి నలభై రెండుకు దిగేదాకా దాని చెయ్యి వదల్లేదు. తర్వాత పిల్లలందరి ముందే క్షమించమన్నాను. ఎందుకు అంత వచ్చిందని ముందే అడిగి ఉంటే సరిపోయేది. ప్రశ్నలు వేయడం నేర్పడానికి వెళ్ళిన నేను ఆ ఒక్కటే అడగలేదు.